ఫ్రిజ్‌కు బొంత కప్పిన ఆదివారం

ముందే చెప్పేస్తున్నాను. ఇది పూర్తయ్యేలోపు ఒక పెద్దమనిషి తెల్లచొక్కా నారింజరంగుకి మారుతుంది. మా ఇల్లంతా ఎండుచేపల కంపు కొడుతుంది. నా చేతికందిన ఉద్యోగం చెప్పులేసుకుని వీధిలోకి నడుస్తుంది. ఈ మూడూ నేనొక్కణ్ణే చేశాను. వద్దన్నవాళ్ళున్నారు గానీ సాయం చేసినవాళ్ళెవరూ లేరు. పేరంతా నాదే.

అప్పటికి నాకు ఇరవైరెండేళ్ళు. తెలియనిదంటూ ఉండని వయసు. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం, ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత మా అండమాన్‌లో, ఓడలాగే ఫీనిక్స్ బే జెట్టీలో సామాన్లు మొయ్యడం, కట్టడం నా పని. బరువు మొయ్యడంలో నన్ను మించినవాళ్ళు పదిమంది ఉండేవారు. మూట కట్టడంలో మాత్రం, గొప్ప కాదు గానీ, నేను కట్టింది మళ్ళీ విప్పాలంటే నన్నే పిలవాల్సి వచ్చేది.

కానీ నా కళ్ళన్నీ హల్దార్ బాబు చేపలబోటు మీద ఉండేవి. హల్దార్ బాబు బెంగాలీ సెట్లరు. బోటు మీద సగంమంది మనవాళ్ళే కావడంతో తెలుగు బాగానే మాట్లాడేవాడు. మా అక్క మొగుడు గురయ్య బావ ఆ బోటు మీదే వల లాగేవాడు. ఇంజన్ డ్రైవరు ముసలివాడైపోయి మానేస్తున్నాడని మొదట చెప్పింది బావే. డ్రైవరంటే ఏమనుకున్నారు? మిగతావాళ్ళు ఎండలో వల లాగుతుంటే అతను నీడలో కూర్చుంటాడు, బీడీ కాలుస్తాడు, ఇంజన్ చప్పుడు వింటాడు. ఆ మూడు పనుల్లో రెండు నాకు అప్పటికే వచ్చు.

"బామ్మర్దీ, బాబుకి నీ పేరు సెప్పేసినాను," అన్నాడు బావ. "మావోడు మిషన్ని సూస్తే సాలు, దాని జొరం సెప్పేస్తాడన్నాను. నా పరువు నీ సేతిలో ఉంది."

"నీ పరువుకేటి బావా, నిమ్మళంగా ఉంతాది."

"ఇంతకీ నువ్వు ఏ మిషన్ మీద పని సేసినావురా?"

"సైకిలు."

బావ కాసేపు సముద్రం వంక చూశాడు. "బాబు ఆదివారం మజ్జాన్నం మీ ఇంటికొస్తాడు. అప్పటికైనా ఇంకోటేదన్నా సూపించు," అన్నాడు.

హల్దార్ బాబుకి అదొక పద్ధతి. మనిషిని ఇంట్లో చూస్తే గానీ బోటెక్కించడు. ఇంట్లో సామాను ఎలా చూసుకుంటాడో బోటునీ అలాగే చూసుకుంటాడని ఆయన లెక్క. అంటే ఆదివారంలోపు మా ఇంట్లో ఒక మిషను ఉండాలి, అది నా మాట వింటూ ఉండాలి.

అదృష్టం ఎంత వేళాకోళం మనిషో చూడండి. ఆ వారమే డెలానీపూర్ సర్కారీ క్వార్టర్లలో ఒక సాబ్‌కి మెయిన్‌ల్యాండ్ బదిలీ అయింది. ఓడకి ఎక్కించే సామానంతా నేనే కట్టాను. పింగాణీ కప్పులు ఎలా కట్టానంటే, మేడమ్‌గారు మూటని నేలకేసి కొట్టి చూసి, నవ్వి, నాకు చాయ్ ఇచ్చింది. సాబ్ ఎంత సంబరపడ్డాడంటే, తనతో తీసుకెళ్ళలేని చిన్న ఫ్రిజ్‌ని నాకిచ్చేశాడు.

అది మామూలు ఫ్రిజ్ కాదు. పాలూ కూరలూ పెట్టేది కాదు. కూల్‌డ్రింకు సీసాలు మాత్రమే నిలబెట్టేది. నా నడుమంత ఎత్తు, అద్దం తలుపు, లోపల మూడు తీగల అరలు, పైన చిన్న లైటు. అప్పట్లో మా గరాచర్మలో ఏ ఫ్రిజ్ అయినా వింతే. అలాంటిది సీసాలకే విడిగా ఒక ఫ్రిజ్ అంటే, పడవకి విడిగా ఒక పడవ ఉన్నట్టు.

"సునో రాజూ," అన్నాడు సాబ్. "తీసుకెళ్ళగానే ప్లగ్ పెట్టకు, కాసేపు నిలబెట్టి ఉంచు. గోడకీ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ వదులు, దానికి గాలాడాలి. లోపల సీసాలు కిక్కిరిసి పెట్టకు."

"హా సాబ్. హా సాబ్. హా సాబ్," అన్నాను, మాటకొకటి చొప్పున. ఇంగ్లీషులో అచ్చయిన చిన్న పుస్తకం కూడా ఇచ్చాడు. దాన్ని నేను వృథా చెయ్యలేదు. ఇంట్లో ఫ్రిజ్ ఒక కాలు కుంటితే దానికింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. పుస్తకాలు ఇంత పనికొస్తాయని బడిలో ఎవరూ చెప్పలేదు.

మా అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏటిరా ఇది? అద్దాల బీరువానా?"

"ఫ్రిజ్జమ్మా. సీసాలు సల్లబెట్టడానికి."

"కుండ ఉంది గదా."

"కుండలో లైటుంతాదేటి?"

"కరెంటు పోతే కుండ ఆగిపోద్దేటి?"

చదువుకోని మనిషితో వాదనేమిటని ఊరుకున్నాను. నేను ఏడు దాకా చదివినవాణ్ణి కదా.

శనివారం పొద్దున్న ప్లగ్ పెట్టాను. కాసేపు నిలబెట్టాలన్న మాట నాకు గుర్తుంది, అబద్ధం చెప్పను. దాన్ని ఆటోలో నిలబెట్టే తెచ్చాను కాబట్టి ఆ నిలబడ్డం ఇందులోకి జమ అనుకున్నాను. ఫ్రిజ్ 'గుయ్' మని పాట అందుకుంది. మధ్యాహ్నానికి సీసాలు చల్లబడ్డాయి. వీధి వీధంతా వచ్చి చూసింది. పక్కింటి సరళ దీదీ అద్దానికి చెంప ఆనించి, "హాయ్ రామ్, కిత్నా ఠండా!" అంది. అప్పుడే నేను చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఈపాటికి డ్రైవరునై ఉండేవాణ్ణి.

సాయంత్రానికి అద్దానికి చెమట పట్టింది. మా దీవుల్లో గాలిని గుడ్డలా పిండినా నీళ్ళు కారతాయి, చల్లటి అద్దం కనిపిస్తే ఆ తడంతా దానిమీదికే చేరుతుంది. ఇది ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

"అమ్మా! లోపలి సల్లదనం బయటికి కారిపోతంది!"

"తుడు మరి," అంది అమ్మ.

తుడిస్తే మళ్ళీ వచ్చింది. ఎక్కడినుంచి పోతోందా అని చెయ్యి వెనక్కి పెట్టి చూశాను. అక్కడ వేడి! నల్లటి తీగల జల్లెడలోంచి సెగ తగులుతోంది. దొంగ దొరికాడనుకున్నాను. ముందునుంచి చల్లదనం పోతోంది, వెనకనుంచి వేడి దూరుతోంది. ఇంత తేలిక సంగతి ఆ సాబ్‌కి తెలియలేదు, పైగా గాలాడాలన్నాడు, పాపం చదువుకున్న మనిషి.

ఇక్కడ మా ఇంటి విద్య గురించి చెప్పాలి. మాది శ్రీకాకుళం ఒడ్డునుంచి వచ్చిన చేపలవాళ్ళ ఇల్లు. ఐసుని ఎలా కాపాడాలో మాకెవరూ నేర్పక్కర్లేదు. ఐసుకి గాలి తగలనివ్వకూడదు. సందు వదలకూడదు. అదిమి పెట్టాలి, కప్పాలి, బిగించి కట్టాలి. ఐసు దగ్గర ఇందులో ఒక్క ముక్క తప్పు లేదు. ఫ్రిజ్ దగ్గర కూడా ఇంతే అని ఎవరు చెప్పారంటారా? నేనే చెప్పాను. నాకే.

ఇక చూస్కోండి నా పనితనం. మొదట ఫ్రిజ్‌ని గోడకి అంటించేశాను. గోడకీ దానికీ మధ్య థర్మకోల్ ముక్కలు దట్టించాను. చుట్టూ మూడు వరసలు గోనెసంచులు, అవి బోటు మీద ఐసుకి వాడేసిన పాతవి. దానిమీద అమ్మ బొంత. దానిమీద టార్పాలిన్. అన్నిటిమీదా నైలాన్ తాడు, అడ్డంగా నిలువుగా, ముడి మీద ముడి. తెరవడానికి వీలుగా అద్దం తలుపు ఒక్కటే బయటికి కనిపించేది, మేలిముసుగులోంచి పెళ్ళికూతురు చూస్తున్నట్టు. లోపల కూడా అంతే. వేలు దూరే సందు లేకుండా సీసాలు కుక్కేశాను.

"నా బొంత తియ్యరా," అంది అమ్మ.

"ఒక్క రోజమ్మా. రేపు డ్రైవరు తల్లివవుతావు."

"దాన్నిలా సుట్టేస్తే ఊపిరాడద్దేటిరా?"

"అది మనిషా ఊపిరాడ్డానికి!"

ఆదివారం పొద్దున్నుంచి శకునాలే శకునాలు. ఒక్కొక్కదానికి నా దగ్గర జవాబు తయారు.

మొదట ఫ్రిజ్ ఆగకుండా రొదపెట్టడం మొదలెట్టింది. "సూసినావా, ఎంత కష్టపడతందో," అన్నాను. కాసేపటికి 'టక్' మని ఆగిపోయింది. "సల్లబడిపోనాది, రెస్టు తీసుకుంటంది," అన్నాను. మళ్ళీ మొదలై, మళ్ళీ 'టక్' మంది. "బుద్ధిమంతురాలు," అన్నాను.

తర్వాత మా పిల్లి వచ్చింది. రెండు చుట్లు తిరిగి, బొంత మీదికెక్కి, ముడుచుకుని, కళ్ళు మూసుకుని గుర్రుపెట్టింది.

"ఒరే రాజూ," అంది అమ్మ అనుమానంగా. "పిల్లి సల్లని సోట పడుకోదురా. పొయ్యికాడ పడుకుంతాది."

"ఇది అండమాన్ పిల్లమ్మా. దానికి సలవ పడతాది."

ఆ తర్వాత వాసన. ముందు సన్నగా, తర్వాత జోరుగా. ఎవరో ఎండుచేపలు నిప్పులమీద కాలుస్తున్న వాసన. ఆ గోనెసంచులు ఎన్ని చేపల్ని చూశాయో, ఇన్నేళ్ళకి వాటికి సెగ తగిలి పాత స్నేహాలన్నీ గుర్తొచ్చాయి.

"దీదీ! ఎండుసేప కాలస్తన్నావా?" అని అమ్మ గోడమీంచి కేకేసింది.

"నేను కాదు, మీరే అనుకున్నా!" అంది సరళ దీదీ.

అప్పుడే గుమ్మంలో హల్దార్ బాబు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. వెనకాల బావ, పరువంతా మొహాన పెట్టుకుని.

"వాహ్ రాజూ!" అన్నాడు బాబు ముక్కు ఎగబీలుస్తూ. "సూఖా మచ్ఛీ! నాకు చాలా ఇష్టం, ఎవరు చెప్పారు?"

అమ్మ నా చెవిలో, "నేను కోడికూర వొండినాన్రా. సేప ఎక్కడ తెమ్మంతావు?" అంది.

"ముందు ఠండా తీసుకోండి బాబూ," అన్నాను. ఆ మాట అనడానికి రెండు రోజులు అభ్యాసం చేశాను. "మన సొంత మిషన్. నేనే చూసుకుంటాను."

బాబు ఫ్రిజ్‌ని చూశాడు. తాళ్ళు చూశాడు. పిల్లిని చూశాడు. "దీనికి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"లేదు బాబూ, ఇది నా పద్ధతి."

తలుపు తీశాను. రావలసిన చల్లగాలి రాలేదు. వచ్చిన గాలి నా మొహానికి ఫీనిక్స్ బేలో మధ్యాహ్నం ఒంటిగంట జ్ఞాపకం తెచ్చింది. అప్పుడైనా ఆగాలి కదా? ఆగితే నేను నేనెందుకవుతాను. బిగుసుకుపోయిన సీసాని ఇటూ అటూ కుదిపి కుదిపి పీకాను. తువ్వాలుతో గట్టిగా రుద్ది రుద్ది తుడిచాను. బాబు ఎదుట నిలబడి, ఓపెనర్ పెట్టి, డ్రైవరులా ఒక్క పట్టు పట్టాను.

మూత ఎటుపోయిందో ఈరోజుకీ దొరకలేదు. నారింజరంగు నురుగు తిమింగలం ఊదినట్టు లేచి, బాబు కళ్ళజోడు మీదినుంచి మొదలుపెట్టి, చొక్కా మీదుగా, పంచెదాకా ప్రయాణం చేసింది. పిల్లి లేచి పారిపోయింది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

సీసా అడుగున కాస్త మిగిలింది. బాబు కళ్ళజోడు తీసి, సీసా అందుకుని, ఒక గుక్క తాగాడు. "గరం," అన్నాడు ప్రశాంతంగా. "చాయ్‌లా ఉంది. చక్కెర ఎక్కువ."

"బామ్మర్దీ," అన్నాడు బావ, "నేను మునిగిపోనాన్రా."

హల్దార్ బాబు తిట్టలేదు. ప్లగ్ పీకేసి, ఫ్రిజ్ ముందు గొంతుక్కూర్చుని తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. ముళ్ళు రాలేదు. నన్ను పిలిచాడు. నేను విప్పుతుంటే ఆయన ఒక్కొక్క వరసా తీశాడు. టార్పాలిన్, బొంత, గోనె, ఇంకో గోనె, ఇంకో గోనె, థర్మకోల్. ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూశాడు, సందుల్లో గోరు దూర్చి చూశాడు. దూరలేదు. చివర్న ఫ్రిజ్‌ని ముందుకి లాగితే వెనక జల్లెడ పెనంలా కాలుతోంది. కాలికింద పుస్తకం బయటపడింది. బాబు తెరిచి చదివాడు.

"వెనకాల ఖాళీ వదలాలి. గాలి ఆపకూడదు. పైన ఏమీ కప్పకూడదు." ఒక్కొక్క మాటకీ నావైపు చూశాడు. "రాజూ, లోపలి వేడిని తోడి వెనకనుంచి బయట పారేస్తుంది ఈ మిషన్. నువ్వు పారేసే దారి మూసేశావు. మోటారు కాలిపోలేదు, ఇల్లు అంటుకోలేదు, నసీబ్ మంచిది. నా ఇంజన్ రూములోకి వస్తే ఇంజన్‌కి కూడా బొంత కప్పుతావా?"

నేను తల వంచుకున్నాను. "కప్పను బాబూ," అన్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఒకసారి వచ్చింది.

"డ్రైవర్ పని నీకు లేదు. ఇంజన్ ఉన్న వైపు నువ్వు కన్నెత్తి చూడకూడదు."

అమ్మ కొంగు కళ్ళకి పెట్టుకుంది. బావ చెప్పులు వెతుక్కుంటున్నాడు. బాబు లేచి గుమ్మందాకా వెళ్ళాడు. నా ఉద్యోగం ఆయనతోబాటు మెట్టు దిగింది. దిగి, ఆగి, వెనక్కి తిరిగి ఆ గోనెల గుట్టని మళ్ళీ చూశాడు.

"ఇదంతా ఒక్కడివే కట్టావా?"

"అవును బాబూ."

"సందు లేకుండా?"

"సందుంటే సల్లదనం పోద్ది గదా బాబూ."

"నా బోటులో మూడో రోజుకే ఐసు నీళ్ళయిపోతోంది. సగం చేప పాడవుతోంది. ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ కట్టడం రాదు." ఆయన బావ వంక చూశాడు. బావ ఫ్రిజ్ వంక చూశాడు. "రేపు పొద్దున జెట్టీకి రా. ఐసు గది నీది. అక్కడ నీ ఇష్టం వచ్చినన్ని బొంతలు కప్పుకో."

ఆ తర్వాత నారింజ చొక్కాతోనే కూర్చుని కోడికూర తిన్నాడు. ఎండుచేప ఎప్పుడొస్తుందని మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఇన్నేళ్ళుగా ఆ ఐసు గది నాదే. నేను కట్టిన ఐసు వారమైనా ముక్క చెదరదు. ఫ్రిజ్ కూడా బతికే ఉంది. గోడకి బెత్తెడు ఎడంగా, నాకు నాలుగు మూరల ఎడంగా. నేను దాటకూడని గీత మా ఆవిడ సుద్దతో గీసింది.

కాబట్టి సముద్రం సాక్షిగా, పిల్లి సాక్షిగా, తుక్కులో కలిసిన ఆ బొంత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒళ్ళు వేడెక్కే దేన్నీ ఈ జన్మలో ఊపిరాడకుండా కప్పను. మొన్న మా ఆవిడకి జ్వరమొచ్చి, "చలేస్తంది, దుప్పటి కప్పు," అంటే మాట తప్పలేదు. ముందు మంచాన్ని గోడనుంచి బెత్తెడు ఇవతలికి జరిపాను.