మేడం గారి పసుపు చేప

మొన్న కదిరిలో మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, అల్లుడు హాల్లో కొత్తగా పెట్టిన చేపల తొట్టి ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాను. వేలెడంత కూడా లేని ఒక పసుపుపచ్చ చేప, తనకు రెండింతలున్న నీలం చేపను తరిమి తరిమి మూలకు నెట్టేస్తోంది. అది పొగరుబోతులా ఉంది, వేరు చెయ్యరాదా అని మా అమ్మాయి అంటే అల్లుడు నవ్వి, "దాన్ని కదిలించొద్దు. గుడ్లు పెట్టినాది, కాపలా కాస్తాండాది" అన్నాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఇరవై ఏళ్ళ కిందట ఆ మాటే ఒకామె నాకు చెప్పింది. నేను వినలేదు. వినకపోవడం ఒక్కటే అయితే ఈ వయసులో కూర్చుని రాయవలసిన పని లేదు.

అప్పుడు నేను అనంతపురంలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అటెండరును. కప్పల్నీ పాముల్నీ ఫార్మలిన్ సీసాల్లో సర్దిపెట్టే మనిషిని కాబట్టి, ప్రాణుల సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని ఒక గర్వం ఉండేది. చిన్న ఉద్యోగాలు చేసినవాళ్ళకు ఆ గర్వం ఎట్లాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు. మా శాఖలోని మేడం గారు ఒంటరి మనిషి. ఇంట్లో డ్వార్ఫ్ సిక్లిడ్ అనే చిన్న జాతి చేపల జత ఒకటి పెంచేవారు, బెంగళూరు నుంచి నీళ్ళ సంచిలో పెట్టించుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నవి. మన బోరు నీళ్ళు తెలిసినవే కదా, గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడతాయి. ఆ చేపలకు అవి పడవని, ఎప్పుడో కురిసే వానకు మిద్దె మీది నీళ్ళు డ్రమ్ములో పట్టి దాచేవారు. ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరుసపెట్టే ఊళ్ళో చేపలకు వాననీళ్ళేమిటని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో ఊడ్చి తుడిచి వంట చేసే అక్క ఒకామె ఉండేది. తనకల్లు దగ్గర పల్లె. వేరుశనగ వరసగా ఎండిపోతే పిల్లల్ని తీసుకుని టౌనుకు వచ్చి మేడం గారి దగ్గర కుదురుకుంది. ఇంటి తాళాలు కూడా ఆమె చేతిలోనే ఉండేవి.

ఒకసారి మేడం గారు శిక్షణ తరగతులకని పదిహేను రోజులు ఊరెళ్తూ చేపల్ని నాకు అప్పజెప్పారు. వాన వస్తే తొట్టిలో నాలుగో వంతు నీళ్ళు మార్చమన్నారు. వాన వచ్చింది, మార్చాను. రెండు రోజులకల్లా, ఎప్పుడూ బూడిదరంగులో ఒదిగి తిరిగే ఆడ చేప నిమ్మపండులా పసుపెక్కి, ఒంటి మీద నల్ల మచ్చలు తేలి, మగదాన్ని తొట్టిలో నిలవనీయకుండా పొడవడం మొదలుపెట్టింది. తాను మాత్రం బోర్లించిన కుండ పెంకు కిందికి దూరి, మేత వేసినా బయటికి రాదు. కొత్త నీళ్ళు పడక జబ్బు చేసిందనుకున్నాను. అక్క చీపురు పక్కన పెట్టి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

"పొదుగు మీదుండాదప్పా. మా కోడి గూడా ఇట్లే, మేతకు రాదు, దగ్గరికి పోతే పొడుస్తాది. దాని మానాన దాన్ని ఇడ్సిపెట్టు" అంది.

చదువు లేని మనిషి నాకు చెప్పొచ్చిందా అనిపించింది. "చేప కోడి యాడయితాదక్కా, నీ పని చూసుకోపో" అన్నాను.

వలతో ఆడదాన్ని పట్టి సీసాలో వేశాను. పెంకు తిప్పి చూస్తే లోపల రవ్వంతేసి ఎర్రటి గింజలు అంటుకుని ఉన్నాయి. బూజనుకున్నానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అవి గుడ్లేనేమోనన్న అనుమానం ఆ క్షణంలోనే వచ్చింది. అక్క చూస్తోంది. ఆమె మాట నెగ్గకూడదని పెంకును కుళాయి కింద పెట్టి బ్రష్షుతో రుద్ది కడిగేశాను. ఆమె తల తిప్పుకుని వంటింట్లోకి పోయింది. సీసాలో చేప రంగు పోయి, మూడో రోజుకు వెల్లకిలా తేలింది.

మేడం గారు వచ్చి ఏమైందని అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు, అదే నా నేర్పు. "చేప చచ్చిన రోజు నేను వచ్చేసరికి ఇల్లంతా ఫినాయిల్ వాసన మేడం" అన్నాను, అంతే. వరండా తుడిచిన రోజు అది, వాసన నిజమే. ఫినాయిల్ చేపలకు విషమని, వాటి గదిలో మాత్రం వాడకూడదని మేడం గారి కట్టడి. ఆవిడ అక్క వైపు తిరిగారు. "ఆ గదిలో నేనెయ్యలేదమ్మా" అని అక్క ఒక్క మాట అని, నా ముఖంలోకి చూసింది. మిగతాది నేను చెబుతానని ఆగింది కాబోలు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆ నెల తిరగకుండానే తాళాలు వెనక్కి తీసుకుని మేడం గారు ఇంకో మనిషిని పెట్టుకున్నారు. అక్క పిల్లలతో సొంతూరికి పోయి కూలికి పోతోందని తర్వాత విన్నాను.

ఇంకో పదేళ్ళు మేడం గారి దగ్గర పనిచేశాను. చెప్పడానికి ప్రతి రోజూ వీలుండేది. నేను రిటైరైన రోజు ఆవిడే శాలువా కప్పి, ఇంత నమ్మకమైన మనిషిని చూడలేదన్నారు. తల వంచుకుంటే వినయమనుకున్నారందరూ. రెండేళ్ళ కిందట ఆవిడ పోయారని తెలిసి వెళ్ళి, చేతులు కట్టుకుని చివరిచూపు చూసి వచ్చాను. అక్కడ కూడా మనసులోనైనా ఆ మాట అనుకోలేకపోయాను.

అల్లుడి తొట్టి చూసిన మర్నాడు పొద్దున్నే తనకల్లు బస్సెక్కాను. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. అక్క అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. చూపు తగ్గింది గాని గొంతు వినగానే పోల్చింది, కూర్చోమని మజ్జిగ తెప్పించింది. అంతా చెప్పాను, పెంకు తెలిసే కడిగానని కూడా. ఆమె పని ఆపలేదు.

"నాకెందుకప్పా చెప్తాండావు, నాకు తెల్సిందే గదా. ఆయమ్మకు చెప్పల్ల నువ్వు."

మేడం గారు పోయారని చెప్పాను. ఆ కబురు ఆమెకు అంతవరకు ఎవరూ చేర్చలేదు. చింతపండు మీద చేతులు అట్లాగే ఉండిపోయాయి. "అయితే నేనే చంపినాననుకొనే పోయిందా" అంది.

బస్సు వేళయిందని లేచాను. ఆమె ఉండమనలేదు.

ఇప్పుడు చేప రంగు ఎందుకు మారిందో అల్లుడికి ఫోను చెబుతుంది, తెలీక అడగడానికి అతనికి నామోషీ లేదు. మా కాలంలో మనిషిని అడగాలి, ఆ మనిషి మనకంటే ఒక మెట్టు పైనుంటేనే వినాలి అనుకునేవాళ్ళం. ఆ పిచ్చి పోతే మంచిదే. మేడం గారి ఇల్లు కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు, వీధికి కుళాయిలు వచ్చాయి, బిందెల వరుసలు లేవు. ఆ వీధిలో నేను తట్టి చెప్పవలసిన తలుపు ఒకటి ఉండేది. అన్నేళ్ళూ దాని ముందు నుంచే సైకిలు మీద పోయి వచ్చాను.