తోడికోడలు పెట్టుకున్న సెలవు

2023 ఎండాకాలం. నంద్యాలలో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గర నేను అటెండర్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. పేర్లు పిలవడం, ఎక్స్‌రేకు తీసుకుపోవడం, డాక్టరమ్మ చెప్పింది బయట బెంచీ మీద మళ్లీ విడమరచి చెప్పడం నా పని. లోపల తలూపి, బయటికొచ్చాక "ఏం జెప్పిందమ్మా?" అని నన్నడిగేవాళ్లే ఎక్కువ.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు లోలోపల గుల్లబారడం. దానికి మా దగ్గర ఎక్కువగా వాడేవి రెండు మందులు. ఒకటి వారానికొకసారి పరగడుపున వేసుకునే గోలీ. రెండోది ఆరు నెలలకొకసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్.

ఆళ్లగడ్డలో కిరాణా కొట్టు నడిపే ఇంటి నుంచి ఇద్దరు తోడికోడళ్లు వచ్చేవాళ్లు. పెద్దామె లక్ష్మీదేవమ్మది గోలీ. చిన్నామె సుబ్బరత్నమ్మకు గోలీతో కడుపులో మంట, అందుకని సూది. పెద్దామెకు గోలీ మొదలై ఐదేళ్లు నిండాయి. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ బాగా వచ్చింది, ఎముకేదీ విరిగింది లేదు. కొన్నాళ్లు ఆపి చూద్దామంది డాక్టరమ్మ. దీన్ని డ్రగ్ హాలిడే అంటారు. బెంచీ మీద ఇద్దరినీ కూర్చోబెట్టి నేనే దాన్ని తెలుగు చేశాను. "మందుకు సెలవక్కా." చిన్నామె ఆ రోజే సూది వేయించుకుని వెళ్లింది.

ఏడు నెలలకు పెద్దామె మోకాలి నొప్పితో వచ్చింది, తోడు చిన్నామె.

"రత్నమ్మక్కా, సూదికి రాలేదే? నెల దాటిపాయె" అన్నాను.

"నేను గూడా సెలవు పెట్టినా" అంది నవ్వుతూ. "మా అక్కకేమో ఇస్తిరి, నేనేం పాపం జేసినా? నా స్కాను గూడా బాగుందంటిరి గదా."

"ఎవురు జెప్పినారు నీకు?"

"నువ్వే గదా ఓబులమ్మా జెప్తివి! ఈ బెంచీ మీదే."

వెన్నులో నొప్పేమన్నా ఉందా అని అడిగాను.

"రెండు దినాలాయె, నడుం పట్టేసింది. బియ్యం మూట జరిపినా."

"జరపద్దంటే వింటాదా? పెద్ద పహిల్వాను!" అంది పెద్దామె.

నేను వరసలో ఉన్నవాళ్లను ఆపి, ముందు చిన్నామెనే లోపలికి తీసుకుపోయాను. సెలవన్న మాట నాదేనని కూడా డాక్టరమ్మకు చెప్పేశాను. ఆమె ఎక్స్‌రే రాసింది.

"గోలీ ఆపినా దాని సత్తువ ఎముకలో కొన్నేళ్లు ఉంటుంది. ఈ సూది సత్తువ ఆరు నెలలే. గడువు దాటితే ఎముక వేగంగా తరిగిపోతుంది, వెన్నుపూసలు వాటంతట అవే నలిగిపోవచ్చు. నీ స్కాన్ బాగుందంటే అప్పుడు సూది నడుస్తోంది కాబట్టే" అంది.

సుబ్బరత్నమ్మ నవ్వు ఆగిపోయింది. ఫిల్ము వచ్చేదాకా తోడికోడలి చెయ్యి వదల్లేదు. అదృష్టం, పూసలన్నీ సరిగ్గా ఉన్నాయి. పట్టేసింది కండరమే.

"అట్లయితే సచ్చేదాకా ఈ సూదేనా తల్లీ?"

"కాదు, ఆపొచ్చు. కానీ ఆపితే దాని వెనకే ఇంకో మందు పెట్టాలి. ఎప్పుడు, ఏది అన్నది ఇద్దరం కూర్చుని చూసుకుందాం."

సూది వేయించుకుని బయటికొచ్చి తానే తేల్చింది. "అంటే అక్క గోలీ కందిపప్పు, డబ్బాలో పోసిపెట్టినా ఉంటాది. నాది పాలప్యాకెట్టు."

నేను పది మాటల్లో చెప్పలేనిది అది. ఏడాదిన్నర తర్వాత ఆమె సూది ఆపింది. సొంతంగా కాదు, డాక్టరమ్మతో మాట్లాడుకుని, ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కించే మందుకు మారింది. వెన్ను నిటారుగానే ఉంది.

మందు ఆపడం కూడా వైద్యంలో భాగమేనని, ఒకరు ఆపిన తీరు ఇంకొకరికి పనికిరాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు "అర్థమైందా?" అని ఎవరినీ అడగను, అందరూ అయిందనే అంటారు. వాళ్ల చేతనే నాకు తిరిగి చెప్పించుకుంటాను. సూది వాళ్ల కార్డు మీద తేదీ కింద ఒక వాక్యం రాస్తాను. "ఆపాలనుకుంటే, ఆపకముందే రండి." నలభై ఆరేళ్లకు రాయడం నేర్చుకున్నదాన్ని, నా అక్షరాలు పెద్దవి. కళ్లద్దాలు ఇంట్లో మరిచివచ్చినవాళ్లు కూడా చదువుతారు.