సుభద్రక్క చీజ్ గది

పొద్దున ఫ్రిజ్ తలుపు తీయగానే పుల్లటి ముక్కిన వాసన గుప్పుమంది. మా ఆవిడ చీజ్ ముక్కను ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టింది. లోపలంతా చెమట పట్టి జిగురైపోయింది. ఇంత చిన్నదానికి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. కోపం ఆమె మీద కాదని నాకు తెలుసు.

కళ్యాణదుర్గం దాటాక, రోడ్డు పక్కనున్న రాతిగదిలో సుభద్రక్క మేకపాలతో చీజ్ చేసేది. ఆమె దగ్గర రెండేళ్లు పనిచేశాను. మొదటి వారమే, నేను కవర్లో చుడుతున్న చీజ్ బిళ్లను చేతిలోంచి లాక్కుంది.

"ఏమప్పా, దానికి గాలి ఆడొద్దా? ఊరికే పెడితే మన ఎండగాలికి పగుల్తాది, బిగిస్తే చెమటకి చెడిపోతాది. బట్టర్ పేపర్లో చుట్టి డబ్బాలో పెట్టు, మూత వదులుగా ఉండనీ. పెట్టినాక తీసి తీసి చూడొద్దు."

ఆ చివరి మాటే నాకు చేతకాలేదు. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను నేను.

ఆ ఎండాకాలం బెంగళూరు అంగడి ఒకటి మా చీజ్ చూసి చెబుతామంది. నచ్చితే వారం వారం కొంటారు. మేకలు కాసే ఎర్రిస్వామి పోసిన వారం పాలన్నీ ఆ బిళ్లల్లోనే ఉన్నాయి. పంపాల్సిన ముందురోజు కరెంటు పోయింది. "ఐసు తెస్తా. నేనొచ్చేదాకా ఫ్రిజ్ తలుపు ముట్టుకోవద్దు" అని అక్క ఆటో ఎక్కింది. గంట ఆగానో లేదో, చల్లగా ఉన్నాయో లేదోనని తీశాను. మళ్లీ తీశాను. ఆరోసారికి ఇక ఆగలేక, నీళ్లకుండకు చుట్టినట్టే బిళ్లలన్నిటికీ తడి గోనెసంచి చుట్టేశాను. చల్లబరచడానికి మా ఇళ్లల్లో తెలిసిన ఉపాయం అదొక్కటే. మధ్యాహ్నం ఆటో చప్పుడు వినగానే గోనెలు పీకి బయట పారేశాను. అప్పటికే బిళ్లలు నాని కంపు కొడుతున్నాయి.

"తలుపు తీసినావా?"

"లేదక్కా."

ఆమె ఒక బిళ్లకు అంటుకున్న గోనెపీచును వేలితో లాగి చూసింది.

మర్నాడు ఎర్రిస్వామి వచ్చి, "వారం పాలు నాశనం చేసినారే!" అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"తప్పు నాదేన్నా. ఐసు ముందే తెచ్చి పెట్టుకోల్యా" అంది అక్క.

"చేతకానప్పుడు మమ్మల్ని యాలమ్మా నమ్మించేది?"

అతను ఆ తర్వాత పాలు పోయలేదు. మిగతా మేకలవాళ్లూ మానేశారు. నెల తిరక్కుండానే గదికి తాళం పడింది. అక్క నన్ను ఒక్క మాటైనా అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడినేమో.

సుభద్రక్క ఇప్పుడు లేదు. ఎర్రిస్వామి నేటికీ ఆమెను చేతకాని మనిషనే అంటాడట. ఆ మాట తప్పని చెప్పగలిగేది నేనొక్కడినే. ఈ నెలలో మూడుసార్లు కళ్యాణదుర్గం బస్సెక్కాను. మూడుసార్లూ ఊరు రాకముందే దిగిపోయాను.