పై ఊరి యాస

న్యూయార్క్ వెళ్ళే రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. “ఇంకా ఎంతసేపు, దీదీ?” పక్క సీట్లోని నేపాలీ ఆయన నన్ను హిందీలో అడగడం అది మూడోసారి.

మధ్యాహ్నం వాళ్ళమ్మకి ఆపరేషన్. ఆవిడకి వచ్చింది సెకే ఒక్కటే. నేపాల్ కొండల్లో అయిదూళ్ళవాళ్ళ భాష అది. ఆ అయిదూళ్ళలోనూ యాసలు వేరు. ఆస్పత్రివాళ్ళు ఎలాగో ఒక ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్లో పట్టుకున్నారట, కానీ అతనిది కొండ మీద పై ఊరు, వాళ్ళమ్మది కింది ఊరు.

“అతని మాట అమ్మకి సగం అర్థం కాదు. అయినా పెద్దమనిషి అడుగుతున్నాడు కదా అని అన్నిటికీ తలూపేస్తుంది.”

ఇంతలో ఆస్పత్రికి ఫోన్ కలిసింది. “ప్లీజ్, సిస్టర్, మా అమ్మ తలూపితే యెస్ అనుకోకండి. నేను వచ్చేదాకా సైన్ చేయించకండి,” అని నర్సుని ఇంగ్లీషులో బతిమాలాడు. మాట పూర్తయ్యేలోపే లైన్ కట్ అయింది.

“విన్నదంటారా?” అన్నాడు నావైపు తిరిగి.

నేను తలూపాను.

ఆయన నా మొహంలోకి భయంగా చూశాడు. “నోటితో చెప్పండి, దీదీ.”

నాకేం తెలుసని చెప్పను?

ఇవాళ్టికీ ఎవరికైనా ఊరికే తలూపబోతే, మెడ మధ్యలోనే ఆగిపోతుంది.