గద్దెకు పూసిన నూనె

ఈరోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు గద్దెకు, అదే వీధి అరుగుకు, పాత ఇంజిన్ ఆయిల్ పూశాను. ఎవరూ కూర్చోకూడదని పూశాను. తప్పు చేశాను.

కరీంనగర్‌లో మా గల్లీకి రెండు చివర్లా రెండు బడులు. నస్పూర్ బొగ్గు గనిలో రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు తీసుకున్నప్పుడు, పిల్లల సందడి బాగుంటుందనుకున్నాను. పొద్దున మైకు, సాయంత్రం హారన్లు. గేటుకు అడ్డంగా బండ్లు, గద్దె మీద మనుషులు, వాళ్లు పోయాక గుట్కా ఉమ్ములు. మొదట్లో పోట్లాడేవాణ్ని. "రెండు నిమిషాలే కాకా, నీ ఇల్లు ఎత్తుకపోతలేం గద" అని నవ్వేవాళ్లు. పోనుపోను కోపం రావడమే మానేసింది. ఈరోజు నూనె కూడా గేటుకు రంగు వేసినట్టే పూశాను.

బడి విడిచే ముందు ఒక ముసలమ్మ వచ్చింది. ఒకటో తరగతి చదివే మనుమరాలి కోసం రోజూ వస్తుంది. కొడుకు దుబాయిలో, కోడలు పనికి పోతుంది. బడి నుంచి నేరుగా మా గద్దె దగ్గరికే రావాలని పాపకు నేర్పింది. ఆమె ఉమ్మేది లేదు, పారేసేది లేదు. కిటికీ వెనక నిలబడి, ఆమె కూర్చోబోవడం చూశాను. వద్దని అనలేదు.

కూర్చున్న వెంటనే లేచి, చీర ముందుకు లాక్కుని చూసుకుంది. తెల్ల చీరకు నల్లటి పట్టె. "అయ్యో ప్రభువా, ప్రార్థనకు పోదామని కట్టుకుంటి" అని తనలో తనే అనుకుని, చీర కడుక్కోవడానికి మలుపులో ఉన్న నీళ్ల నల్లా దగ్గరికి పోయింది.

అంతలో బడి గంట కొట్టారు. పాప వచ్చింది. గద్దె ఖాళీ. కాసేపు నిలబడి, బండ్ల మధ్యలోంచి మెయిన్ రోడ్డు వైపు నడిచింది. అదీ చూశాను. బయటికి పోతే నూనె సంగతి తెలుస్తుందని అక్కడే ఉండిపోయాను.

ముసలమ్మ తడి చీరతో తిరిగొచ్చి, "మా పిల్ల రాలేదా? జర సూసిండ్రా?" అని కనబడ్డవాళ్లందరినీ అడుగుతుంటే అప్పుడు కదిలాను. మెయిన్ రోడ్డుకు అవతల, రెండో బడి గేటు ముందు, వేరే రంగు బట్టల పిల్లల మధ్య నిలబడి ఉంది పాప. చెయ్యి పట్టుకుని తెచ్చాను.

"నూనె పూసింది నేనే, అవ్వా. పిల్ల పోతుంటే సూసిన గూడ."

ముసలమ్మ పాపను కాళ్లకు అదుముకుంది. "కూసోవద్దంటే నోటితోని చెప్పరాదు, కొడుకా? ఉన్నది గద నోరు."

మా ఆవిడ ఆమెను లోపలికి తీసుకుపోయి తన చీర కట్టించింది. వాళ్లు వెళ్లాక, "ఎవలి మీది కోపం ఎవలి మీద తీస్తివయ్యా?" అంది.

"కోపం లేకుండె."

"గదే నాకు భయం" అని వంటింట్లోకి పోయింది.

తెల్ల చీరను నేనే సబ్బు పెట్టి రుద్దాను. మరక పలచబడింది కానీ పోలేదు. గద్దె మీద రంపపు పొట్టు చల్లి నూనె ఎత్తాను, సబ్బు నీళ్లతో కడిగాను. సిమెంటులోకి ఇంకిన నూనె మాత్రం పైకి రాలేదు. బయటికి కుర్చీ తెచ్చి గద్దె పక్కన వేశాను.

పొద్దు గుంకకముందే ముసలమ్మ ఇంటికి పోయి, కొత్త చీర కొనిస్తానన్నాను. వద్దంది. పాప ముందు కూర్చుని, "రేపటి సంది మీ అవ్వ గద్దె పక్కన కుర్చీల ఉంటది. ఆమె కనబడకపోతే ఎటూ పోకు, గేటు కొట్టు. నేను వస్త" అని చెప్పాను. పాపతో ఆ మాట మళ్లీ అనిపించుకుని వచ్చాను.