నీలం తిరగని కప్పులు

మానుకోట బస్టాండు ముందు మా ట్రక్కు ఆగేసరికి పొద్దున ఏడు దాటింది. వాన తెరిపి ఇచ్చింది. బురద పిక్కల దాకా ఉంది. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. మాది జనగామ దగ్గర నర్మెట్ట. నా సైన్యం సర్వీసు మొత్తంలో సొంత గడ్డ మీద డ్యూటీ పడింది అదొక్కసారే.

చెరువు కట్ట తెగి పల్లపు బస్తీలన్నీ మునిగాయి. మోరీల మురికి తాగునీటి పైపుల్లో కలిసింది. శుద్ధి చేసిన నీళ్లు అందించడం మాకిచ్చిన ఆర్డర్. ఏడుగురం. ఒక పంపు, రెండు గుడ్డ ట్యాంకులు, పటిక, నీటి పరీక్ష పెట్టె. బ్లీచింగ్ పౌడర్ మాత్రం వెనక ట్రక్కులో ఉంది. మేం దాటిన కాసేపటికే దంతాలపల్లి దిక్కు వాగు రోడ్డెక్కింది. ఆ ట్రక్కు అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది.

బస్టాండు ఎదురుగా తెలంగాణ కోసం నడుస్తున్న రిలే దీక్షల టెంటు. గాలివానకు సగం కూలింది. అయినా నలుగురు అందులోనే కూర్చున్నారు. మా యూనిఫాం చూసి లేచి నిలబడ్డారు.

"మా మీదికి మిలిట్రీని తోలిన్రా?" అన్నాడు ఒక పెద్దాయన.

"లేదు బాపు. నీళ్లియ్యనీకి వచ్చినం. నాది నర్మెట్ట."

నా యాస విన్నాక వాళ్ల ముఖాలు సడలాయి. టెంటు పక్కన చాయ్ బండి నడిపే సైదమ్మ ముందుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. "నా తల్లిగారిల్లు తరిగొప్పుల. మీ పక్కపొంటి ఊరే గద తమ్మీ," అంది. ఆమె పక్కనే ఉన్న భర్త యాకయ్య ఆటో నడిపేవాడు. ఆ ఆటో ఇంకా నీళ్లలోనే ఉంది. "గయితే నువ్వు నాకు బామ్మర్దివి," అని నవ్వాడు.

ఆ పూట నుంచి బిందెల వరుస సైదమ్మ చేతిలోకి వెళ్లింది. ముసలోళ్లను ముందు నిలబెట్టేది. అడ్డం దూరినవాళ్లను మెడ పట్టి వెనక్కి పంపేది.

బస్టాండు వెనకున్న బావిలోంచి పంపుతో నీళ్లు తోడాం. పటిక వేశాం. మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి. మా ఏడుగురికి పెద్ద సుబేదార్ సాబ్. ఆయన ఊరి గోదాములోంచి బ్లీచింగ్ పౌడర్ బస్తాలు తెప్పించాడు. మూతి విప్పితే ఘాటు రాలేదు. గడ్డలు కట్టిన సున్నంలా ఉంది.

పరీక్ష పెట్టెలో ఆరు తెల్ల కప్పులుంటాయి. వాటిలో నీళ్లు పోసి, పౌడర్ ద్రావణం ఒక్కో కప్పుకు కొంచెం కొంచెం పెంచుతూ కలిపి, అరగంట ఆగి రంగు మందు వేయాలి. ఏదో ఒక కప్పు నీలం తిరిగితే మందు పనిచేస్తున్నట్టు. ఏ కప్పూ తిరగలేదు.

"మురికి లేని వాన నీళ్లతో చేసి చూడు," అన్నాడు సుబేదార్ సాబ్. చేశాను. తెల్లగానే ఉన్నాయి.

రేడియో ఆపరేటర్ సెట్ అందుకున్నాడు. "ఇక్కడి పౌడర్ చచ్చింది. మన ట్రక్కు ఎప్పుడొస్తుంది?"

"వాగు తగ్గలేదు. ఆగండి."

మాలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. వరుస ముందు నిలబడి చెప్పాను. "నీళ్లు తేటగున్నయి గని మంచియి గావు. కాగవెట్టుకొని తాగున్రి."

"ఏంతోని కాగవెట్టాలె తమ్మీ?" అంది సైదమ్మ. "కట్టెలు నానినయి. గ్యాసుబండ నీళ్లల్ల కొట్కవోయింది."



మా సీసాల్లో వేసుకునే శుద్ధి గోలీలు కొన్ని ఉన్నాయి. అన్నీ దవాఖానకు పంపమన్నాడు సుబేదార్ సాబ్. అక్కడ వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లను నేల మీద కూడా పడుకోబెట్టారు. డబ్బా పట్టుకుని వెళ్తుంటే సైదమ్మ చూసింది.

"గా గోలీలు మాకియ్యవా?"

"దవాఖానకు పంపుమన్నరక్కా."

"మంచిదే. రోగమొచ్చినంక ఇస్తరన్నట్టు."

ఆమె గొంతులో కోపం లేదు. ఆ ఆర్డర్ సరైనదే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. అనుకున్నంత మాత్రాన ఏదీ తేలిక కాలేదు.

దాహం ఆగదు. కొందరు మా తేట నీళ్లే పట్టుకెళ్లారు. కొందరు పగిలిన పైపుల దగ్గర పట్టుకున్నారు. మేం చూస్తూ నిలబడ్డాం. మర్నాటికి వరుస సగమైంది. నీళ్లు దొరికి కాదు, జనం మంచం పట్టి.

ఆ తెల్లారి సైదమ్మ రాలేదు. ఆమె చాయ్ బండి మీదే ఆమెను పడుకోబెట్టి యాకయ్య దవాఖానకు తోసుకొచ్చాడు. నేను సైన్యంలో నర్సింగ్ పని నేర్చినవాణ్ని. పరుగెత్తాను. కళ్లు గుంటలు పడ్డాయి. చేతి చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. "నరం దొరుకుతలేదు," అంది నర్సు. రెండు చేతులూ చూశాం. చివరికి చీలమండ దగ్గర సూది దిగింది. సెలైన్ ఎక్కడం మొదలైంది.

సైదమ్మ కళ్లు తెరిచింది. "మంచినీళ్లు వచ్చినయా తమ్మీ?"

"వాగు తగ్గుతున్నదట అక్కా."

"తగ్గనీ," అంది.

సెలైన్ సీసా సగం కూడా కాలేదు. యాకయ్య ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాడు. పాదం చల్లబడ్డాక కూడా వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే ట్రక్కు వచ్చింది. బస్తా విప్పగానే ఘాటుకు కళ్లమ్మట నీళ్లు కారాయి. మూడో కప్పు నుంచి అన్నీ నీలం తిరిగాయి, సిరా పోసినట్టు. ట్యాంకులో మందు కలిపి, అరగంట ఆగి, నల్లాలు తిప్పాం.

యాకయ్య స్టీలు బిందెతో వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ముందుకు రమ్మని పిలిచాను. రాలేదు. తన వంతు వచ్చాక బిందె దించాడు.

"తాగనీకి గాదు బామ్మర్దీ. ఆమెకు ఆఖరి తానం పొయ్యాలె. గా మురికి నీళ్లు పొయ్యబుద్ధయితలేదు."

నింపి ఇచ్చాను.

మానుకోటలో రోగం తగ్గుముఖం పట్టాక భూపాలపల్లిలో మునిగిన బస్తీలకు వెళ్లాం. అక్కడ పౌడర్ ఉంది, కప్పులు నీలం తిరిగాయి. ఆ తర్వాత నాకు సెలవు దొరికింది. నర్మెట్టలో బస్సు దిగితే మా వాడకట్టు వాళ్లు చుట్టూ చేరి సరిహద్దు సంగతులు అడిగారు. మంచు గురించి, తుపాకుల గురించి చెప్పాను. రిటైరయ్యాక కూడా అవే చెబుతూ వచ్చాను.

కంటి ముందు నుంచి పోనిది మాత్రం ఒకటే. బురదలో అడుగు తీసి అడుగు వేస్తూ యాకయ్య వెళ్తున్నాడు. భుజం మీద నిండు బిందె. ఒక్క చుక్క కూడా తొణకకుండా దాని మూతి మీద అరచెయ్యి కప్పి ఉంచాడు.