రొట్టెల ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న ఫ్రెంచి

తొంభైల మొదట్లో నేను మస్కట్‌లోని ఖురంలో, ఒక హోటల్ వంటశాలలో రొట్టెలు కాల్చే చోట పనిచేసేవాణ్ణి. అక్కడ మా పెద్దాయన ఫ్రాన్స్ దేశపు పల్లెటూరి మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. మేమంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. ఇంగ్లీషు ఆయనకు నాకంటే తక్కువ వచ్చు. పని మాటలు సైగలతో గడిచిపోయేవి. కానీ పిండి పిసుకుతున్నంతసేపూ ఆయన ఫ్రెంచిలో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. మధ్యమధ్య తనలో తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వు ఎందుకో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

మస్కట్‌లోనే రూవీ బజారులో కడపాయన ఒకాయన క్యాసెట్ల దుకాణం నడిపేవాడు. ఒక శుక్రవారం వెళ్ళి అడిగాను.

“ఫ్రెంచి పాటలా?” అన్నాడు.

“పాటలు గాదన్నా. మాట్లాడుడు నేర్చుకునేటివి.”

“దాంతో నీకేం పని పడిందబ్బా?” అని నవ్వాడు. “బొంబాయి సరుకు వచ్చేటప్పుడు చెప్పి చూస్తాలే.”

చాలా రోజులకు ఒకటి తెప్పించాడు. మా రూమ్‌లో టేప్ రికార్డర్ ఒక్కటే. ఇంటివాళ్ళు మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్లు అందరం దాంట్లోనే వినేవాళ్ళం. డ్యూటీ దిగి వచ్చాక మధ్యాహ్నం నా పాఠం పెట్టుకునేవాణ్ణి. ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా రైల్వే స్టేషన్ ఎక్కడని అడిగేది. నేను వెంటే అనేవాణ్ణి. పక్క మంచం మీది నిజామాబాద్ అన్న దుప్పటి ముసుగులోంచి, “అరే, ఆమెకు గా టేషనేందో జల్ది జూపియ్యిరా. మేం పండుకుంటం” అనేవాడు.

ఒకరోజు ధైర్యం చేసి ఉస్తాద్ ముందు నిలబడ్డాను. నాకు బాగా వచ్చిన వాక్యం అదొక్కటే. “అయ్యా, రైల్వే స్టేషన్ ఎక్కడ?” అని ఫ్రెంచిలో అడిగాను.

ఆయన చేతులు పిండిలోనే ఆగిపోయాయి. తర్వాత చేతులు తుడుచుకుని, నన్ను వెనక తలుపు దాకా తీసుకెళ్ళి, ఎండలో కాలుతున్న రాతికొండలు చూపించాడు. ఒమాన్‌లో అప్పటికి రైలే లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

మర్నాడు ఖాళీ క్యాసెట్ తెమ్మని సైగ చేశాడు. వారం తిరక్కుండా దాన్ని తన గొంతుతో నింపి ఇచ్చాడు. ‘నిద్ర పట్టిందా? తిన్నావా? అబ్బ, ఏం ఎండ! రా, టీ తాగుదాం. ఇంటి నుంచి కబురొచ్చిందా?’ అన్నీ ఇలాంటివే. అర్థం కానివి వంటశాలలో నటించి చూపేవాడు. మాటకు ముందు ఆయన సన్నగా దగ్గడం, సరిగా కాగని పొయ్యిని తిట్టే తిట్టు కూడా అందులో ఉన్నాయి. అన్నీ నేర్చుకున్నాను.

అర్థాలు చెబితే నిజామాబాద్ అన్న లేచి కూర్చున్నాడు. “మా ఇంటామె క్యాసెట్ల గూడ గివే ముచ్చట్లు గదరా!” అప్పటినుంచి రూమ్‌లో ఎవరు అడుగు పెట్టినా “తు ఆ మాంజే?” అనేవాడు. తిన్నావా అని.

మెల్లగా ఉస్తాద్ మాటలు నాకు అందసాగాయి. ఆయన మాట్లాడేది మాతో కాదు, ఊళ్ళో ఉన్న భార్యతో. ఇక్కడ పిండి పిసుకుతూనే ఆమెతో వాదం పెట్టుకుని, గెలిచినప్పుడల్లా నవ్వుకునేవాడు.

ఆ చలికాలం ఆమె మస్కట్ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. వంటశాలలోకి రాగానే నేను ముందుకెళ్ళి, సన్నగా దగ్గి, నిద్ర పట్టిందా, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగాను.

ఆమె నన్నూ భర్తనూ మార్చి మార్చి చూసింది. అదే యాస, అదే దగ్గు.

“ఒకణ్ణి భరించడమే కష్టంగా ఉంటే, ఇక్కడ ఇంకొకణ్ణి తయారుచేశావా?” అంది. ప్రతి మాటా నాకు అర్థమైంది. నేను పకపకా నవ్వేసరికి ఉస్తాద్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, నా భార్య గురించీ పిల్లల గురించీ అడిగింది. వచ్చినంతవరకు చెప్పాను. మాట దొరకనిచోట ఉస్తాద్ అందించాడు. ఈలోగా పొయ్యిలో రొట్టెలు మాడిపోయాయి. ఆయన పొయ్యిని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు.